సెప్టిక్ ట్యాంకు బండి, దాని వెనకున్న ప్లాంటు: నా రివ్యూ

మాది మానేరు ఒడ్డున చిన్న మున్సిపాలిటీ. సెప్టిక్ ట్యాంకు నిండితే ఎవరిని పిలవాలని చాలామంది అడుగుతున్నారు కాబట్టి రాస్తున్నా. బండి ఎంత తొందరగా వచ్చింది, ఎంత తీసుకున్నారు అన్నవే చూడకండి, మన గేటు దాటాక ఆ బండి ఎటు పోతుందో కూడా చూడండి. ఇంతకుముందు పిలిచిన ప్రైవేటు బండతను తక్కువ రేటుకే చకచకా పని చేసిపోయాడు, తర్వాత తెలిసిందేమంటే అదంతా ఊరి బయట వాగులో వదిలాడట. ఆ వాగు కలిసేది మానేరులోనే.

ఈసారి సెప్టిక్ ట్యాంకులు తీయించడానికున్న హెల్ప్‌లైన్ 14420కి ఫోన్ చేశాం. రేటు కొంచెం ఎక్కువే, కానీ చెప్పిన టైముకు వచ్చారు, బూట్లు, గ్లౌజులు వేసుకున్నారు, పైపు వేసి మోటారుతో లాగారు తప్ప ఎవరూ లోపలికి దిగలేదు. రక్షణ లేకుండా మనిషిని ట్యాంకులోకి దింపడం 2013 చట్టం ప్రకారం నేరం, ఇది ఓనర్లకు కూడా తెలియాలి.

బండి వెనకాలే, ఆ మడ్డిని శుద్ధి చేసే ప్లాంటుకు పోయాను. వాసన బండి ఖాళీ చేసే చోట తప్ప పెద్దగా లేదు. అక్కడి ఇనుప జాలీ దగ్గర మాత్రం బాధేసింది. డైపర్లు, శానిటరీ ప్యాడ్లు, షాంపూ ప్యాకెట్లు, గుడ్డ పేలికలు, అన్నీ మన బాత్రూముల్లోంచి వచ్చినవే, అక్కడ పనిచేసే అన్న వాటిని దంతెతో లాగి పక్కన వేస్తున్నాడు. దయచేసి అవి కమోడ్‌లో వేయకండి.

జాలీ దాటిన మడ్డి ఇసుక, కంకర పరిచిన మడుల్లోకి పోతుంది. నీరు కిందికి దిగుతుంది, పైన మిగిలింది ఎండి నెర్రెలిచ్చి తర్వాత ఎరువవుతుంది. దిగిన నీరు గాలి తగలని గదుల్లో బ్యాక్టీరియా పని చేశాక, మెట్టతామర మొక్కలున్న కంకర మడి గుండా చెరువులోకి వస్తుంది. పెద్ద మోటార్లు అక్కర్లేదు, చిన్న ఊరికి ఇదే సరైన పద్ధతి. ఒక్కటే లోటు, గేటు దగ్గరి బోర్డు మీద నీటి పరీక్షల రిజల్టు లేదు. మనలాంటి ఊళ్లలో బయటికి వదిలే నీటిలో బీఓడీ (నీటిలోని మురికిని కుళ్లబెట్టడానికి బ్యాక్టీరియా వాడుకునే ఆక్సిజన్, ఎంత ఎక్కువుంటే నీరు అంత మురికి అన్నట్టు) లీటరుకు 30 మిల్లీగ్రాములు దాటొద్దని 2017లో కేంద్రం చెప్పింది. స్నానానికి పనికొచ్చే నదిలోనైతే 3 దాటొద్దు. మన ప్లాంటు నీటిలో అది ఎంతుందో అందరికీ కనపడేలా రాయాలి.

అసలు బెంగ వేరే ఉంది. సెప్టిక్ ట్యాంకు పైపును ఇంకుడు గుంతకు ఇవ్వకుండా సగం ఇళ్లవాళ్లు నేరుగా మోరీకి కలిపేశారు, ఆ మోరీ నీళ్లు ప్లాంటు గడప కూడా తొక్కకుండా మానేరులోకి పోతున్నాయి. ఎండాకాలం పైనుంచి నీళ్లు రానప్పుడు ఏటిలో పారేది ఆ మోరీ నీళ్లే. మానేరు మంథని దగ్గర గోదావరిలో కలుస్తుంది, 2027లో పుష్కరాలకు జనం మునిగేది ఆ నీళ్లలోనే. మోరీలను ఏటికి ముందే ఆపి శుద్ధి చేసే ఏర్పాటు వచ్చేదాకా నది విషయంలో మా మున్సిపాలిటీకి 5కి 2 మించి ఇవ్వలేను. బండికి 5, ప్లాంటుకు 4.

రెండు, మూడేళ్లకోసారి ట్యాంకు తీయించండి. డబ్బులిచ్చేటప్పుడు ప్లాంటులో దింపినట్టు రసీదు అడగండి, ఇవ్వనంటే ఆ బండిని మళ్లీ పిలవకండి.