అంబాసిడర్‌కి ఫ్యూయల్ ప్రెషర్ రెగ్యులేటర్: కొన్ని ఎండాకాలాలు వాడాక

ఏసీ పంపు, అంటే ఇంజిన్ పక్కన క్యామ్ షాఫ్ట్‌తో నడిచే పాత మెకానికల్ పంపు, మీ బండిలో ఇంకా బాగానే పనిచేస్తుంటే ఈ రెగ్యులేటర్ (పంపు నుంచి కార్బురేటర్‌కి వెళ్లే పెట్రోలు ప్రెషర్‌ని తగ్గించి పట్టుకునేది) జోలికి వెళ్లకండి, డబ్బు దండగ. ప్రెషర్ ఎంతుండాలో ఆ పంపు లోపలి స్ప్రింగే చూసుకుంటుంది. ఎలక్ట్రిక్ పంపు పెట్టించినవాళ్ల కోసమే నేను రాస్తున్నది.

నాది 1970ల చివర్లో వచ్చిన మార్క్ 3, 1489 సీసీ పెట్రోల్ ఇంజిన్, సొలెక్స్ కార్బురేటర్ (పెట్రోలుని గాలితో కలిపి ఇంజిన్‌కి పంపేది). ఉండేది విజయవాడలో, కాబట్టి మే నెలలో బండి పరిస్థితి ఏంటో వేరే చెప్పక్కర్లేదు. ఈ ఇంజిన్‌లో ఇన్‌టేక్, ఎగ్జాస్ట్ మానిఫోల్డులు (గాలి-పెట్రోలు లోపలికి, వేడి పొగ బయటికి పోయే గొట్టాలు) రెండూ ఒకే పక్కన ఉంటాయి, కార్బురేటర్ పోయి పోయి ఎగ్జాస్ట్ నెత్తిన కూర్చుంటుంది. బెంజ్ సర్కిల్ ట్రాఫిక్‌లో కాసేపు ఇరుక్కుంటే చాలు, పంపులోనూ పైపులోనూ పెట్రోలు ఆవిరై గాలిబుడగలు కట్టి బండి ఆగిపోయేది. పాతకాలం టాక్సీ డ్రైవర్లు పంపు మీద తడిగుడ్డ వేసి నెట్టుకొచ్చేవాళ్లు. నేను కూడా కొన్నాళ్లు అదే చేసి, విసుగొచ్చి, వెనక ట్యాంకు దగ్గర 12 వోల్టుల ఎలక్ట్రిక్ పంపు పెట్టించాను. ఇవి పెట్రోలుని లాగడం కంటే తొయ్యడం బాగా చేస్తాయి, పైగా తోసే పెట్రోలు ప్రెషర్‌లో ఉంటుంది కాబట్టి అంత తొందరగా ఆవిరి కాదు. ఆగిపోవడం దాదాపు పోయింది. దాని బదులు కొత్త టెన్షన్ మొదలైంది.

బయట దొరికే ఎలక్ట్రిక్ పంపుల్లో చాలావాటికి 4 నుంచి 7 పీఎస్ఐ (చదరపు అంగుళానికి పౌండ్లలో ప్రెషర్ కొలత) దాకా ప్రెషర్ వస్తుంది. మన పాత కార్బురేటర్లకి 2, 3 పీఎస్ఐ చాలు. కార్బురేటర్ చాంబర్‌లో పెట్రోలు మీద తేలే ఫ్లోట్ పైకి లేచి, దారి మూసే సూదిలాంటి నీడిల్‌ని నొక్కితే పెట్రోలు ఆగాలి, అంతే అక్కడున్న ఏర్పాటు. ఆ చిన్న ఫ్లోట్ తేలే బలం కంటే కింద నుంచి తోసే ప్రెషర్ ఎక్కువైతే నీడిల్ మూసుకోదు, చాంబర్ నిండి పొంగుతుంది. పొంగిన పెట్రోలులో కొంత సిలిండర్లలోకి జారి ఆయిల్‌ని పల్చన చేస్తుంది, ప్లగ్గులు నల్లగా మసిబారతాయి, వేడి మీద స్టార్ట్ చెయ్యాలంటే చుక్కలు కనిపిస్తాయి. ఇవన్నీ సర్దుకోవచ్చు. మిగతాది ఎక్కడ పడుతుందో చూడండి, సరిగ్గా ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ మీద. బానెట్ ఎత్తగానే గుప్పుమని పెట్రోల్ వాసన కొడితే దాన్ని తేలిగ్గా తీసుకోకండి. నేను రెగ్యులేటర్ కొన్నది మైలేజీ కోసమో పికప్ కోసమో కాదు, ఆ వాసన పోగొట్టడం కోసమే.

మొదట పెట్టింది 1 నుంచి 6 దాకా అంకెలున్న గుండ్రటి నాబ్ రకం, ఆన్‌లైన్‌లో చవగ్గా దొరికేది. ఆ అంకెల్ని నమ్మకూడదు. గేజు కట్టి చూస్తే 2 మీద పెట్టినప్పుడు 4కి దగ్గరగా చూపించింది, మర్నాడు ఉదయం అదే అంకె మీద ఇంకోలా ఉంది. నాబ్ చుట్టూ పెట్రోలు చెమ్మ కూడా మొదలయ్యాక పీకేశాను. గేజు లేకుండా ఏ రెగ్యులేటర్ పెట్టినా గుడ్డెద్దు చేలో పడ్డట్టే. గేజు కూడా 0 నుంచి 15 పీఎస్ఐ దాకా ఉండే చిన్నది కావాలి, 100 దాకా ఉన్నదాంట్లో 2కీ 3కీ తేడా కనపడి చావదు. లోపల గ్లిజరిన్ నింపిన గేజులు చూడ్డానికి బాగుంటాయి గానీ, మూసిన డబ్బా కదా, ఇంజిన్ వేడికి లోపలి ప్రెషర్ మారి రీడింగ్ తప్పుతుంది. ఇంత తక్కువ ప్రెషర్‌లో ఆ తప్పు చిన్నదేం కాదు. మామూలు పొడి గేజు తీసుకోండి.

ఇప్పుడున్నది అల్యూమినియం బాడీ, పైన స్క్రూ, లాక్ నట్ ఉండే డయాఫ్రమ్ (లోపల సాగే పల్చటి పొర) రకం, 1 నుంచి 4 పీఎస్ఐ మధ్య సెట్ చేసుకునేది. ఇది పెట్టేటప్పుడు ఎక్కువ టైమ్ తిన్నది రెగ్యులేటర్ కాదు, దాని మర. అమెరికా రకం రెగ్యులేటర్లకి అక్కడి పద్ధతి ఎన్‌పీటీ మర ఉంటుంది, మన హార్డ్‌వేర్ షాపుల్లో ఇచ్చే నిపుల్స్ (పైపు తగిలించే చిన్న మర ముక్కలు) మామూలుగా బ్రిటిష్ పద్ధతి బీఎస్‌పీ. 3/8 సైజులో మొదటిదానికి అంగుళానికి 18 మరలు, రెండోదానికి 19. కంటికి ఒకటే, రెండు చుట్లు తిరుగుతుంది కూడా, ఆ తర్వాత బిగుసుకుంటే సరిపోయిందనుకుంటాం, అది సరిపోవడం కాదు, మర చెడుతోందని. ఆటోనగర్‌లో ఒక లేత్ షాపులో సరైన మరతో రెండు ఇత్తడి నిపుల్స్ కోయించుకున్నాక గొడవ తీరింది. మరకి తెల్ల టెఫ్లాన్ టేపు చుట్టకండి, ఒక్క పీలిక తెగి లోపలికి పోయినా నీడిల్ దగ్గర ఇరుక్కుని, ఏ పొంగుడు ఆపడానికి ఇదంతా చేశామో అదే మళ్లీ మొదలవుతుంది. పెట్రోలుకి తట్టుకునే ద్రవ సీలెంట్ వాడాలి.

రెగ్యులేటర్‌ని మానిఫోల్డ్‌కి దూరంగా, ఇంజిన్‌కీ లోపలి సీట్లకీ మధ్య ఉండే ఫైర్‌వాల్ రేకు మీద బిగించాను. పంపు, ఫిల్టర్, రెగ్యులేటర్, ఆ తర్వాత గేజు కోసం T ఆకారపు జాయింటు, చివర కార్బురేటర్, ఇదీ వరస. స్క్రూ పూర్తిగా వదులు చేసి స్టార్ట్ చేసి, ఐడ్లింగ్‌లో నెమ్మదిగా బిగిస్తూ 2.5 దగ్గర ఆపి లాక్ నట్ వేశాను. తర్వాత రోడ్డు మీద టాప్ గేర్‌లో గట్టిగా తొక్కి చూడాలి, ఊపిరాడనట్టు గుంజితే కాస్త పెంచాలి. నాకు పెంచాల్సిన అవసరం రాలేదు.

పంపు వైరింగ్‌లో రిలే, ఫ్యూజుతో పాటు ఆయిల్ ప్రెషర్ స్విచ్ కూడా పెట్టించండి, ఇందులో బేరాల్లేవు. ఇంజిన్ ఆగితే పంపూ ఆగాలి. లేదంటే యాక్సిడెంట్ అయి పైపు తెగినా ఇగ్నిషన్ ఆన్‌లో ఉన్నంతసేపు అది పెట్రోలు చిమ్ముతూనే ఉంటుంది.

ఇన్నాళ్ల వాడకంలో పొంగడం పూర్తిగా ఆగింది, ప్లగ్గులు ఇటుక రంగుకొచ్చాయి, బానెట్ కింద వాసన లేదు. సెట్టింగ్ పెద్దగా జరగలేదు, వేసవి ముందు ఒకసారి గేజు చూసుకుంటే సరిపోతోంది. తీరనిది ఒకటుంది. బండి వేడిగా ఉండగా ఆపేస్తే, రెగ్యులేటర్‌కీ కార్బురేటర్‌కీ మధ్య పైపులో ఇరుక్కున్న పెట్రోలు వేడికి ప్రెషర్ పెరిగి కొంచెం చాంబర్‌లోకి నెడుతుంది. టిఫిన్ చేసొచ్చి స్టార్ట్ చేస్తే మొదటిసారి కాస్త మొరాయిస్తుంది, యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కి పట్టుకుంటే అందుకుంటుంది. ట్యాంకుకి రిటర్న్ లైన్ వేస్తే ఇది తగ్గుతుంది, కానీ దానికోసం ట్యాంకు దింపి పని చేయించాలి, నాకు ఓపిక లేదు.

ఇప్పుడు బంకుల్లో వస్తున్న ఈ20 (20 శాతం దాకా ఇథనాల్ కలిపిన) పెట్రోలుకి పాత రబ్బరు నిలవదు, ఉబ్బుతుంది లేదా గట్టిపడి పగుళ్లిస్తుంది. నేను పైపులన్నీ వైటాన్ (పెట్రోలుకి తట్టుకునే ప్రత్యేక రబ్బరు) లోపొర ఉన్నవాటికి మార్చాను. రెగ్యులేటర్ కొనేటప్పుడు డయాఫ్రమ్ ఇథనాల్‌కి తట్టుకునేదేనా, విడిగా రిపేర్ కిట్ దొరుకుతుందా అని అడిగి తీసుకోండి. దొరకదంటే ఎంత తక్కువకిచ్చినా వద్దు.

ఐదుకి నాలుగు ఇస్తాను. ఆ ఒకటి తగ్గించింది గేజు, నిపుల్స్ విడిగా కొనుక్కోవాల్సి వచ్చినందుకు, ఆ రెండిటి ఖర్చు కలిపితే రెగ్యులేటర్ ధరని దాటిపోయింది.