ఇంటి అలంకరణకు ప్రేరణ: ప్రయాణమా, పండుగా? ఏది మేలు?

ఇంటిని కొత్తగా తీర్చిదిద్దుకోవాలన్న కోరిక సాధారణంగా రెండు సందర్భాల్లో బలంగా కలుగుతుంది. దూరప్రాంతానికి వెళ్లి వచ్చిన తొలి రోజుల్లో ఒకసారి, పెద్ద పండుగ దగ్గరపడుతున్నప్పుడు మరొకసారి. పైకి ఈ రెండూ ఒకే రకం ఉత్సాహంగా కనిపించినా, వాటి వల్ల ఇంట్లో వచ్చే మార్పు మాత్రం ఒకటి కాదు. ఉన్న గోడలు, ఉన్న డబ్బు, ఉన్న తీరిక పరిమితమైనప్పుడు దేనికి ముందు పీట వేయాలన్నదే ఇక్కడి ప్రశ్న. నా అభిప్రాయం మొదటే చెబుతాను: ఎక్కువ ఇళ్లకు పండుగే మేలైన గురువు. గోడ రంగు, వెలుతురు, నేల వంటి తరచూ మార్చడానికి వీలుకాని విషయాల్లో మాత్రం ప్రయాణం నేర్పేది ఎక్కువ. ప్రయాణంలో కొనుక్కొచ్చే వస్తువులది, వాటికి ఎంత పేరున్నా, ఈ రెండింటి తర్వాతి స్థానమే.

ప్రయాణ ప్రేరణ అనగానే చాలామందికి ముందుగా తోచేవి ఆ వస్తువులే కనుక వాటితోనే మొదలుపెట్టడం సమంజసం. బజారులో కళ్లను కట్టిపడేసిన దీపమో, చెక్క బొమ్మో, నేత వస్త్రమో ఇంటికి చేరగానే వెలవెలబోవడానికి కారణం ఆ వస్తువులోని లోపం కాదు. అక్కడ దాని వెనుక తగిన గోడ ఉంది, దాని మీద తగిన వెలుతురు ఉంది, చుట్టూ దాని తోటి వస్తువులే మరికొన్ని ఉన్నాయి. మనం సంచిలో పెట్టుకుని తెచ్చింది ఆ మొత్తంలో చిన్న ముక్కను మాత్రమే. మొరాకోలోని మరాకేశ్‌లో చిత్రకారుడు జాక్ మజోరెల్ 1930లలో తన తోటలోని భవనానికి వేయించిన గాఢమైన నీలాన్ని ఈనాటికీ ఆయన పేరుతోనే పిలుస్తారు. తీక్షణమైన ఎండ, చుట్టూ చెట్ల ఆకుపచ్చ, పక్కనే పసుపు రంగు కుండీలు ఉండటం వల్లనే అక్కడ ఆ నీలం అంతగా వెలుగుతుంది. అదే రంగు పూసిన చిన్న కూజాను ఎండ పొడ సోకని గదిలో, బీరువా పైన పెడితే అది నలుపుకు దగ్గరగా కనిపించడంలో ఆశ్చర్యం లేదు.

సంఖ్య పెరిగితే ఈ చిక్కు తీరుతుందని కొందరు భావిస్తారు. లండన్‌లో వాస్తుశిల్పి జాన్ సోన్ తన ఇంటిని శిల్పాలు, చిత్రాలు, పాత కట్టడాల శకలాలతో నింపి, దాన్ని ఉన్నది ఉన్నట్టుగా కాపాడేందుకు 1833లో పార్లమెంటు చేత ప్రత్యేక చట్టమే చేయించాడు. 1837లో ఆయన మరణించిన తర్వాత ఆ ఇల్లు మ్యూజియంగా నిలిచింది. అంత కిక్కిరిసిన ఇల్లు చూడముచ్చటగా ఉండటానికి కారణం వస్తువుల సంఖ్య కాదు. పైకప్పు నుంచి వెలుతురు దిగే ఏర్పాట్లు, ఆ వెలుతురును గదంతా పంచే అద్దాలు అక్కడున్నాయి. మనలో ఎవరూ ఒక బొమ్మ కోసం పైకప్పుకు కన్నం పెట్టించరు.

దీనికి సంరక్షణ భారం అదనం. పాత వస్త్రాల రంగు వెలిసిపోకుండా ఉండేందుకు మ్యూజియాలు సాధారణంగా వెలుతురును 50 లక్స్‌కు (లక్స్ అంటే వెలుతురు కొలమానం) పరిమితం చేస్తాయి. నేరుగా పడే ఎండ తీవ్రత వేల లక్స్‌లలో ఉంటుంది కాబట్టి, కిటికీ ఎదురుగా ఏడాది పొడవునా వేలాడే చేనేత గుడ్డ గతి ఊహించుకోవచ్చు. చెక్క బొమ్మలలో పురుగు దాగి ఉండవచ్చు. దంతం, తాబేటి చిప్ప, కొన్ని రకాల పగడాలతో చేసిన వస్తువులను దేశం దాటించడానికి అంతరించే ముప్పున్న జీవజాతుల వ్యాపారాన్ని నియంత్రించే, 1975 నుంచి అమలులో ఉన్న సైటిస్ అంతర్జాతీయ ఒప్పందం అడ్డు వస్తుంది, అది సబబే. థాయ్‌లాండ్ నుంచి బుద్ధ ప్రతిమలను బయటికి తీసుకువెళ్లడానికి అక్కడి లలితకళల శాఖ అనుమతి కావాలి. అనుమతి దొరికినా, ఒక సమాజం చేతులు జోడించి నమస్కరించే మూర్తిని స్నానాల గది గట్టు మీద అలంకారంగా నిలబెట్టడం ఎంత మర్యాద అన్న ప్రశ్న మిగిలే ఉంటుంది.

వస్తువును అక్కడే వదిలి పద్ధతిని మాత్రం తెచ్చుకున్నవారి సంగతి వేరు. ఇందుకు నాకు బాగా నచ్చే ఉదాహరణ చిత్రకారుడు క్లోద్ మోనేది. ఆయన జపాన్‌కు ఎన్నడూ వెళ్లలేదు. 1883 నుంచి తాను నివసించిన ఫ్రాన్సులోని జివెర్నీ ఇంట్లో, పసుపు రంగు భోజనాల గది గోడల నిండా జపాన్ చెక్కముద్రణ చిత్రాలను వరుసలుగా తగిలించుకున్నాడు. అంతకు మించి ఆ గదిని జపాన్ గదిగా మార్చే ప్రయత్నం చేయలేదు. అది ఫ్రెంచి పల్లెటూరి ఇల్లుగానే ఉండిపోయింది, ఆ చిత్రాలు మాత్రం అక్కడే పుట్టినంత సహజంగా అమరిపోయాయి. గోడకు ఒకే వెచ్చని రంగు, దాని మీద ఒకే జాతి చిత్రాలు, వాటి మధ్య లయ తప్పని ఖాళీలు: తీసుకోవలసిన పాఠం ఇంతే.

దీనికి పూర్తిగా ఎదురు దిశలో ఉన్నది ఇంగ్లండులోని బ్రైటన్ రాజభవనం. 1815 నుంచి 1822 వరకు వాస్తుశిల్పి జాన్ నాష్ దాన్ని బయట భారతీయ గుమ్మటాలతో తీర్చిదిద్దాడు. లోపలి గదులను చైనా వేషంలో అలంకరించారు. వినోదాల కోసం రాజుగారు కట్టించుకున్న విడిదిగా అది చక్కగా పనికొచ్చింది కానీ, పిల్లలతో కాపురం ఉండాల్సిన విక్టోరియా రాణికి నచ్చలేదు. చివరికి 1850లో ఆ పట్టణమే దాన్ని కొనుక్కుంది. ఒక దేశాన్ని మొత్తంగా ఇంట్లో దించాలనుకునేవారు ఈ కథను కొంచెం తీరికగా ఆలోచించాలి. పర్యాటకుడిగా మూడు రోజులు చూసి ఆనందించే స్థలానికీ, జ్వరం వచ్చినప్పుడు కూడా పడుకోవలసిన ఇంటికీ కావలసిన లక్షణాలు ఒకటి కావు.

పద్ధతిని తెచ్చుకునేటప్పుడు కూడా వాతావరణాన్ని లెక్కలోకి తీసుకోవాలి. గ్రీసులోని సాంటోరిని దీవిలో ఇళ్లకు వేసే తెల్లని సున్నం ఎండను వెనక్కి కొట్టి ఇంటిని చల్లగా ఉంచుతుంది. వాన తక్కువ కావడం వల్ల ఆ తెలుపు నిలుస్తుంది. నెలల తరబడి ముసురు పట్టే ప్రాంతంలో అదే తెల్లగోడ మీద నాచు చారలు దిగుతాయి. ఎండ తక్కువగా, నీలిఛాయతో వచ్చే గదిలో ఉష్ణదేశపు ముదురు రంగులు మందకొడిగా కనిపిస్తాయి. అందుచేత ఎక్కడికైనా వెళ్లినప్పుడు మెచ్చుకున్న గోడ రంగు పేరు రాసుకోవడం కన్నా, ఆ గోడకు వెలుతురు ఏ వైపు నుంచి వస్తోంది, కిటికీకి నీడ పట్టేది ఏమిటి, కూర్చున్న మనిషి కంటికి ఏది ఎదురుగా ఉంది అన్నవి గమనించడం ఉపయోగకరం. ఫొటోలో ఇవేవీ సరిగా నమోదు కావు.

ఇక పండుగ. ప్రయాణానికి లేని ఒక గొప్ప సౌకర్యం పండుగకు ఉంది. అలంకారాన్ని ఎప్పుడు పెట్టాలో చెప్పినట్టే ఎప్పుడు తీసేయాలో కూడా అది చెబుతుంది. మనం చూసే చాలా ఇళ్లు పాడవుతున్నది అలంకారం చాలక కాదు, పెట్టినదాన్ని తీయక. రోజూ కనిపించేదాన్ని కన్ను గమనించడం మానేస్తుంది కాబట్టి, గోడ మీద పదేళ్లుగా ఉన్న మాస్కు అతిథికి మాత్రమే కనిపిస్తుంది. పండుగ సంప్రదాయాలు ఈ సంగతిని ఎప్పుడో గుర్తించి కట్టుబాట్లు పెట్టుకున్నట్టున్నాయి. జపాన్‌లో మార్చి 3 నాటి హినమత్సురి అనే బొమ్మల పండుగకు మెట్ల మీద పేర్చే రాజదంపతుల బొమ్మలను పండుగ దాటగానే సర్దేయాలి. ఆలస్యం చేస్తే ఆ ఇంటి ఆడపిల్ల పెళ్లి ఆలస్యమవుతుందని భయపెడతారు. క్రిస్మస్ అలంకరణను జనవరి 5 లేదా 6 దాటి ఉంచితే అరిష్టమని ఇంగ్లండులో అంటారు. ఇరాన్‌లో కొత్త సంవత్సరపు పండుగ నౌరూజ్‌కు అమర్చే బల్ల మీద మొలకెత్తించిన గోధుమ పైరును పదమూడో రోజున ఇంటి నుంచి బయటికి తీసుకుపోయి పారే నీటిలో వదిలేస్తారు. మన బొమ్మల కొలువు కూడా ఇంతే: తొమ్మిది రోజులో మూడు రోజులో సాగి, తర్వాత బొమ్మలన్నీ గుడ్డల్లో చుట్టుకుని పెట్టెలోకి వెళ్తాయి. ఈ శకునాలను నమ్మనక్కర లేదు. వాటి వల్ల ఏడాదికి ఒకసారైనా గది ఖాళీ అయి, దుమ్ము దులిపించుకుని, మళ్లీ కొత్తగా కనిపిస్తుందన్నది మాత్రం కాదనలేని ప్రయోజనం.

రెండో ప్రయోజనం చేతిపని. క్రిస్మస్‌కు వేలాడదీసే మొరేవియన్ నక్షత్రం 1830ల ప్రాంతంలో జర్మనీలోని నీస్కీలో ఒక పాఠశాలలో జ్యామితి పాఠంగా పుట్టింది; పిల్లలు కాగితం మడిచి, కోణాలు కొలిచి దాన్ని తయారుచేశారు. ఫిన్లాండ్‌లో గడ్డిపుల్లలను దారంతో కూర్చి భోజనాల బల్ల పైన వేలాడదీసే హిమ్మెలి, మెక్సికోలో మృతుల దినానికి కట్టే చిల్లుల కాగితపు తోరణాలు, వాకిట్లో వేసే ముగ్గు, ఇవేవీ ఖరీదైన సరుకు అడగవు. అడిగేది చేతులను, కొంత తీరికను. ప్రయాణంలో కొన్న వస్తువుకు ఒక్కరి జ్ఞాపకమే తోడుంటే, పండుగ అలంకారంలో ఇంటిల్లిపాదికీ భాగం ఉంటుంది. పిల్లలున్న ఇంటికి ఇది చిన్న విషయం కాదు.

పండుగ పక్షాన ఇంత చెప్పాను కనుక దాని లోపాలనూ దాచకూడదు. దుకాణాలు అమ్మే రెడీమేడ్ సెట్లు ఏ ఇంటిని చూసినా ఒకేలా కనిపించేటట్టు చేస్తాయి. ఎడిసన్ సహచరుడు ఎడ్వర్డ్ జాన్సన్ 1882లో న్యూయార్క్‌లోని తన ఇంట క్రిస్మస్ చెట్టుకు ఎరుపు, తెలుపు, నీలం రంగుల్లో 80 బల్బులు తానే తీగలు చుట్టి వెలిగించినప్పుడు అది వింత; నేడు అవే సీరియల్ లైట్లు మిణుకుమిణుకుమంటూ పండుగకూ పెళ్లికీ దుకాణం ప్రారంభానికీ ఒకే ముఖం ఇస్తున్నాయి. సర్దిపెట్టుకునే చోటు మరో సమస్య. అటక లేని ఇంట్లో పండుగ పెట్టెలు మంచం కిందికి, ఆపై బాల్కనీలోకి చేరతాయి. అయితే పువ్వులు, ఆకులు, కాగితం, ముగ్గుపిండి వంటివి పండుగతోనే సెలవు తీసుకుంటాయి కాబట్టి, చోటు తక్కువైన ఇంటికి ప్లాస్టిక్ కన్నా అవే అనువైనవి.

ఇతరుల పండుగ నుంచి అలంకారాన్ని అరువు తెచ్చుకోవచ్చా అన్న సందేహానికి ఒకే జవాబు లేదు. క్రిస్మస్ చెట్టే ఇంగ్లండుకు జర్మనీ నుంచి వచ్చిన అలవాటు. విక్టోరియా రాణి కుటుంబం చెట్టు చుట్టూ నిలబడిన చిత్రాన్ని 1848లో ఒక లండన్ పత్రిక అచ్చువేసిన తర్వాత అది ఇంటింటా పాకింది. కాబట్టి అరువు కొత్త కాదు. నేను పాటించే గీత ఏమిటంటే, తోరణం, దీపం, రంగుల కూర్పు వంటివి తీసుకోవచ్చు, పూజకో పితృస్మరణకో ఉద్దేశించిన పీఠాన్ని మాత్రం వదిలేయాలి. మెక్సికోలో మృతుల దినానికి అమర్చే వేదిక మీద బంతిపూల మధ్య ఉండేవి ఆ ఇంట చనిపోయినవారి ఫొటోలు. ఆ వేదికను అర్థం వదిలేసి విందు అలంకరణగా దించితే చూసేవారికి అందంగా ఉండవచ్చేమో గానీ, ఆ ఆచారం ఎరిగినవారికి మనసు నొచ్చుకుంటుంది.

ఈ పోటీలో ప్రయాణపు వస్తువుకు మూడో స్థానం ఇచ్చినంత మాత్రాన దాన్ని పెట్టెలోనే మగ్గబెట్టమని కాదు. పండుగ నియమాన్ని దానికీ వర్తింపజేయడమే నాకు తోచిన చక్కని ఉపాయం. జపాన్ సంప్రదాయ ఇళ్లలో టోకోనోమా అనే గూడు ఉంటుంది. అందులో ఒక చిత్రపటం, ఒక పూల అమరిక మాత్రమే ఉంచి, ఋతువును బట్టి మారుస్తారు. గూడు శాశ్వతం, లోపలిది తాత్కాలికం. అలాంటి ఒక్క గూడునో, అలమర అరనో, గోడలో ఒక భాగాన్నో నిర్ణయించుకుని, ప్రయాణాల్లో తెచ్చిన వస్త్రాలనూ బొమ్మలనూ పండుగల వారీగా బయటికి తీస్తే, ఏడాదిలో కొద్ది వారాలే వెలుతురు సోకుతుంది గనుక వస్త్రం రంగు నిలుస్తుంది, వస్తువుల సంఖ్య గదిని మింగదు, చూసిన ప్రతిసారీ అది ఎక్కడిదో చెప్పుకోవాలనిపిస్తుంది. ఏ పండుగా జరుపుకోని ఇంటివారు తొలి వాననో, పగలు పొడుగయ్యే రోజునో, పిల్లల సెలవులనో గడువుగా పెట్టుకోవచ్చు.

ప్రయాణానికే మొదటి స్థానం దక్కే సందర్భం ఒక్కటే ఉంది: కొత్తగా ఇల్లు కట్టుకుంటున్నవారు, లేదా గోడలూ నేలా మార్పించుకుంటున్నవారు. కిటికీ ఎక్కడ ఉండాలో, నడవాకు నీడ ఎలా పట్టాలో ఏ పండుగా చెప్పదు. అందుకు పదిచోట్ల తిరిగి, పది ఇళ్లలో కూర్చుని చూడవలసిందే. అయితే అక్కడ మెచ్చుకున్న టైలునో రంగునో ఖాయం చేసేముందు, దాని నమూనాను తమ గదిలోనే అది ఉండబోయే చోట ఆనించి, ఉదయం ఒకసారి, మిట్టమధ్యాహ్నం ఒకసారి, రాత్రి తాము వాడే దీపం కింద మరొకసారి చూడాలి. 2,700 కెల్విన్ల (దీపపు వెలుగు రంగును తెలిపే కొలత) పసుపు వెలుగులో వెచ్చగా కనిపించిన గోడ 6,500 కెల్విన్ల తెల్ల దీపం కింద పాలిపోతుంది, కాబట్టి గోడ రంగును, దీపాన్ని విడివిడిగా కాక ఒకేసారి ఎంచుకోవాలి.