డ్రమ్ము స్మోకర్: బొగ్గు సరే, గాలి సంగతి చూడండి

వెల్డింగ్ షాపులో చేయించిన 200 లీటర్ల డ్రమ్ము స్మోకర్, అంటే బొగ్గు సెగ మీద, పొగలో మాంసాన్ని నిదానంగా వండే పొయ్యి, ఏళ్ల తరబడి వాడినా మొరాయించలేదు. సెగ పెరగాలన్నా తగ్గాలన్నా చెయ్యి వేయాల్సింది కిందున్న గాలి వాల్వు మీదే, బొగ్గు మీద కాదు.

అడుగు నుంచి రెండంగుళాల ఎత్తులో చుట్టూ నాలుగు బొక్కలు, వాటికి ముప్పావు అంగుళం పైపు ముక్కలు. ఒకదానికి బాల్ వాల్వు, మూడింటికి మరమూతలు. బొగ్గు బుట్ట అడుగుకు ఆనొద్దు, మూడంగుళాల ఎత్తుండాలి. మాంసం జాలీ బొగ్గుకు రెండడుగుల పైన. గాల్వనైజ్డ్ (జింకు పూత ఉన్న) జాలీ వద్దే వద్దు, వేడికి జింకు పొగ లేస్తుంది. కెమికల్ నింపిన డ్రమ్ము జోలికి అసలే పోవద్దు.

వరంగల్ దిక్కు దొరికే తుమ్మ బొగ్గు దీనికి మంచిగ పనికొస్తుంది. గట్టిది, నిదానంగా కాలుతుంది. సంచి అడుగున ఉండే పొడిని జల్లించి తీసెయ్యాలి, అది సందుల్లో ఇరికితే గాలి ఆడదు. నాలుగు కిలోల అంటించని బొగ్గు పోసి, నడుమ గుంత చేసి, వేరే పొయ్యిలో ఎర్రగా కాల్చిన నిప్పులు పదిహేను దాకా అందులో వెయ్యాలి. నిప్పు నడుమ నుంచి అంచులకు మెల్లగా పాకుతుంది, ఆరు గంటలు ఢోకా ఉండదు. మొత్తం ఒక్కసారే అంటిస్తే సెగ 200 డిగ్రీలు దాటుతుంది, ఇక దించడం మహా కష్టం. కిరోసిన్ పోస్తే ఆ వాసన మాంసానికి పడుతుంది.

మూత మీది పొగ గొట్టం వండుతున్నంత సేపూ బార్లా తెరిచే ఉండాలి. దాన్ని మూసి సెగ తగ్గించబోతే పొగ లోపలే మగ్గి మాంసం చేదెక్కుతుంది. మొదట కింది నాలుగూ తెరవాలి. 95 డిగ్రీలకు రెండు మూతలు, 105కు మూడోది బిగించి, బాల్ వాల్వు సగానికి తిప్పితే 115–120 మధ్య నిలుస్తుంది. తిప్పిన ప్రతిసారీ పావుగంట ఆగాలి; మార్పు అంత నిదానంగా తెలుస్తుంది. మూతకున్న థర్మామీటరును నమ్మొద్దు, జాలీ దగ్గర ఇంకోటి పెట్టాలి.

తెల్లటి దట్టమైన పొగ పోయేదాకా మాంసం పెట్టొద్దు. గొట్టం పైన గాలి సన్నగా వణుకుతూ, నీలం పొగ కనబడీ కనబడకుండా ఉన్నప్పుడే పెట్టాలి. ఎండిన మామిడి లేదా జామ చెక్క ముక్కలు రెండు మూడు చాలు. కోడి లోపల 74 డిగ్రీలకు వస్తే దించొచ్చు. ఎముకతో ఉన్న మేక భుజం మెత్తబడాలంటే 93 దాకా పోవాలి. నడుమ 70 దగ్గర తడి ఆరుతూ మాంసంలో గుచ్చిన థర్మామీటరు ముల్లు గంటల తరబడి కదలదు, అప్పుడు గాలి పెంచొద్దు.

వాల్వు తెరిచే ఉన్నా సెగ పడిపోతుంటే బూడిద అడ్డం పడ్డట్టే. ఇనుప కడ్డీతో బుట్టను మెల్లగా తట్టాలి. అన్నీ మూసినా పెరుగుతుంటే మూత అంచు నుంచి గాలి దూరుతోంది, అక్కడ వేడికి తట్టుకునే గాస్కెట్ తాడు అతికించాలి. మూత ఊరికే ఎత్తితే గాలి తగిలి నిప్పు రాజుకుంటుంది.

వరండాలో, రేకుల కింద పెట్టొద్దు, బొగ్గు నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్ గ్యాసు ప్రాణం తీస్తుంది. వానకాలంలో బొగ్గు తేమ పీలుస్తుంది కాబట్టి మూతున్న డబ్బాలో దాచాలి. పని కాగానే గొట్టంతో సహా అన్నీ మూసేస్తే మిగిలిన బొగ్గు మళ్లీ పనికొస్తుంది. పూర్తిగా చల్లారాక మర్నాడు బూడిద ఎత్తాలి. తడి తగిలిన బూడిద డ్రమ్ము అడుగును తినేస్తుంది.