చలికాలంలో బైక్ బ్యాటరీ: ఊడదీయాలా, చార్జర్‌కి తగిలించాలా, అప్పుడప్పుడూ స్టార్ట్ చేయాలా?

మూడు నెలలుగా కవర్ కింద ఉన్న బండి. తాళం తిప్పితే న్యూట్రల్ లైటు వెలిగింది, కాస్త మసకగా. సెల్ఫ్ నొక్కగానే సీటు కింద రిలే టకటకమని కొట్టుకుంది, మీటర్‌లో వెలుగు ఆరిపోయింది. ఇంజిన్ ఒక్క చుట్టు కూడా తిరగలేదు. ఈ చప్పుడు విన్నవాళ్లంతా “చలికి బ్యాటరీ పోయింది” అంటారు. నేనూ చాలాకాలం అలాగే అనుకున్నాను. బ్యాటరీని వెచ్చగా ఉంచడం మీదే నా ధ్యాసంతా ఉండేది. ఒక చలికాలం చివర బ్యాటరీ పక్కగోడ ఉబ్బి, మూల దగ్గర వెంట్రుకంత పగులు కనిపించాక గానీ అసలు సంగతి బుర్రకెక్కలేదు. లోపల యాసిడ్ గడ్డకట్టింది. అదే షెడ్డులో, అదే చలిలో, పక్కనే ఉన్న ఇంకో బండి బ్యాటరీకి ఏమీ కాలేదు. అది నిండా చార్జ్‌లో ఉంది, నాది దిగిపోయి ఉంది. తేడా అంతే.

లెడ్ యాసిడ్ బ్యాటరీ నిండుగా ఉంటే అందులో యాసిడ్ చిక్కగా ఉంటుంది. మైనస్ 50 డిగ్రీలకు కూడా గడ్డకట్టదు. చార్జ్ దిగేకొద్దీ ఆ యాసిడ్ ప్లేట్లతో కలిసి లెడ్ సల్ఫేట్‌గా మారిపోతుంది, బయట మిగిలేది పలచబడిపోతుంది. పూర్తిగా దిగిపోయిన బ్యాటరీ మైనస్ 10 దరిదాపుల్లోనే గడ్డకడుతుంది. అంత చలి లేని చోట కూడా నష్టం తప్పదు. ప్లేట్ల మీద పేరుకున్న ఆ సల్ఫేట్ వెంటనే చార్జ్ చేస్తే కరిగిపోతుంది, వారాల తరబడి అలాగే వదిలేస్తే గట్టి పలుకులుగా బిగుసుకుపోతుంది. ఆ తరవాత ఎంత చార్జ్ పెట్టినా పాత సత్తా రాదు.

చలి వల్ల బ్యాటరీ బలం తగ్గే మాట నిజమే. లోపలి రసాయన చర్య మందగిస్తుంది, అటు ఇంజిన్ ఆయిల్ చిక్కబడి స్టార్టర్‌కి బరువు పెరుగుతుంది. బ్యాటరీ మీద సీసీఏ (కోల్డ్ క్రాంకింగ్ ఆంప్స్, చలిలో స్టార్టర్‌కి ఇవ్వగల కరెంటు) అని ఉండే అంకెని మైనస్ 18 డిగ్రీల దగ్గర కొలిచేది అందుకే. కానీ ఊరికే పడి ఉన్న బ్యాటరీకి చలి మేలే చేస్తుంది. దానంతట అది చార్జ్ దిగిపోయే వేగం, వేడి 10 డిగ్రీలు తగ్గితే దాదాపు సగానికి పడిపోతుంది. అందువల్ల ఏ పద్ధతినైనా నేను అడిగే మొదటి ప్రశ్న, ఇది బ్యాటరీని నిండుగా ఉంచుతుందా అని. వెచ్చగా ఉంచుతుందా అన్నది ఆ తరవాతి మాట.

నిండుగా ఉందో లేదో చెప్పడానికి మామూలు మల్టీమీటర్ చాలు. చార్జింగ్ తీశాక, లేదా బండి ఆపాక, కొన్ని గంటలు ఆగి చూడాలి. వెంటనే చూస్తే ఎక్కువ చూపించి మోసం చేస్తుంది. 12.7 వోల్టుల దగ్గరుంటే నిండినట్టే, ఏజీఎం రకమైతే (యాసిడ్‌ని గాజుపీచు పొరలు పీల్చుకుని ఉండే, నీళ్లు పోయక్కర్లేని సీల్డ్ రకం) 12.8 దాకా ఉండాలి. 12.4 అంటే ముప్పావు వంతు, 12.2 అంటే సగం, 12.0 అంటే పావు. చూడటానికి అర వోల్టు తేడా ఏమీ కాదనిపిస్తుంది, కానీ బ్యాటరీ బతుకంతా ఆ అర వోల్టులోనే ఉంది. నేను 12.5 కంటే కిందికి దిగనివ్వను.

వారానికోసారి స్టార్ట్ చేసి పది నిమిషాలు ఉంచడం

ఎక్కువమంది చేసేది ఇదే. నా లెక్కలో అన్నిటికంటే చెడ్డది కూడా ఇదే. లెక్క వేసి చూద్దాం. స్టార్టర్ సుమారు 100 ఆంపియర్లు లాగుతుందనుకుందాం. మూడు సెకన్లు తిప్పితే 0.08 ఆంపియర్ అవర్లు ఖర్చు (ఒక ఆంపియర్ చొప్పున గంటసేపు వాడితే ఒక ఆంపియర్ అవర్). చల్లబడ్డ ఇంజిన్ ఒక్క దెబ్బకు అందుకోదు గనక రెండు మూడు సార్లు నొక్కితే 0.2 దాటుతుంది. ఇక రాబడి వైపు చూస్తే, ఐడ్లింగ్‌లో చాలా బైకుల ఆల్టర్నేటర్ ఇచ్చే కరెంటు హెడ్‌లైటుకీ, ఫ్యూయల్ పంపుకీ, ఇగ్నిషన్‌కీ సరిపోతే గొప్ప. బ్యాటరీకి అర ఆంపియర్ మిగిలిందనుకున్నా పది నిమిషాలకి వచ్చేది 0.08. అంటే ఒక్క నొక్కుడుకే ఇంజిన్ అందుకుంటే ఖర్చుకి ఖర్చు సరి, లేదంటే ప్రతివారం కొంత అప్పు. పైగా చల్లటి బ్యాటరీ చార్జ్‌ని త్వరగా ఎక్కించుకోదు.

బ్యాటరీ సంగతి పక్కనపెట్టినా ఇంజిన్‌కి ఇది మంచిది కాదు. లీటరు పెట్రోలు మండితే దాదాపు లీటరు నీరు ఆవిరిగా పుడుతుంది. ఇంజిన్ పూర్తిగా వేడెక్కితే అది బయటికి పోతుంది. పది నిమిషాల ఐడ్లింగ్‌లో అంత వేడి రాదు, నీరు సైలెన్సర్‌లోనే నిలుస్తుంది, కొంత ఆయిల్‌లో కలుస్తుంది. బ్యాటరీ కోసమని చేసే పని సైలెన్సర్‌ని లోపలినుంచి తుప్పు పట్టిస్తుంది.

బండి నడపడం వేరే సంగతి. రోడ్డు మీద అరగంట, ముప్పావుగంట వేగంగా తిరిగొస్తే చార్జ్ ఎక్కుతుంది, ఆయిల్ వేడెక్కుతుంది, టైర్లకీ మంచిదే. రెండు వారాలకోసారి అలా వీలైతే వేరే ఏర్పాటు పెద్దగా అక్కర్లేదు. మంచు కరగడానికి రోడ్ల మీద ఉప్పు చల్లే చోట మాత్రం, ఆ ఉప్పు బండిని తుప్పు పట్టిస్తుంది గనక, ఇది ఆలోచించాల్సిన విషయం. సందు చివరి దాకా వెళ్లి వచ్చే రెండు కిలోమీటర్ల చక్కర్లని నడపడం కింద లెక్కేయకూడదు.

మైనస్ వైరు తీసేయడం

దీన్ని చాలామంది చిన్నచూపు చూస్తారు. నా మట్టుకు, పైసా ఖర్చు లేకుండా ఇంత ఫలితం ఇచ్చేది ఇంకోటి లేదు. ఆపేసిన బండి కూడా కరెంటు తాగుతూనే ఉంటుంది: గడియారం, అలారం, జీపీఎస్ ట్రాకర్. అన్నీ కలిపి 5 మిల్లీఆంపియర్లే అనుకోండి. నెలకి 3.6 ఆంపియర్ అవర్లు. 9 ఆంపియర్ అవర్ల బ్యాటరీలో అది 40 శాతం! రెండు నెలలయ్యేసరికి దాదాపు ఖాళీ. అదే మైనస్ వైరు విప్పేస్తే, ఏజీఎం బ్యాటరీ దానంతట అది దిగేది మామూలు గది వేడిలో నెలకి 1 నుంచి 3 శాతమే, చలిలో ఇంకా తక్కువ. నిండా చార్జ్ చేసి వైరు విప్పిన ఏజీఎం మూడు నెలల తరవాత చూసినా దాదాపు అలాగే ఉంటుంది. డిస్టిల్డ్ వాటర్ పోసే పాతరకం నెలకి 5 శాతమో, అంతకంటే ఎక్కువో దిగొచ్చు గనక నెలన్నరకోసారి చూసుకోవాలి. అలారం పనిచేయదు, గడియారం మళ్లీ సరిచేసుకోవాలి. ట్రాకర్ మీదే నమ్మకం పెట్టుకుని బండి బయట ఉంచేవాళ్లకి ఇది పనికిరాదు.

ఊడదీసి ఇంట్లోకి తేవడం

బండి దగ్గర ప్లగ్గు లేనివాళ్లకి ఇదే దారి. మైనస్ ముందు విప్పాలి, ప్లస్ తరవాత. బిగించేటప్పుడు ప్లస్ ముందు, మైనస్ చివర. ఎందుకంటే మైనస్ తగిలించి ఉండగా ప్లస్ విప్పుతుంటే, చేతిలో పానా ఫ్రేమ్‌కి తగిలిందంటే నేరుగా షార్టే. నిప్పురవ్వలు ఎగురుతాయి. ఇంకో చిన్న చిక్కు ఉంది, మొదటిసారి చేసేవాళ్లని ఏడిపించేది. టెర్మినల్ లోపలి చదరపు నట్టు ఊరికే కూర్చుని ఉంటుంది, బిగించి ఉండదు. తిరిగి పెట్టేటప్పుడు బోల్టు అందేలోపు అది కిందికి జారి బ్యాటరీ పెట్టె సందులో పడిపోతుంది. నట్టు కింద చిన్న స్పాంజి ముక్క ఇరికిస్తే బోల్టుకి ఎదురుగా నిలబడుతుంది. నాకు ఈ ఉపాయం తెలిసేలోపు రెండు నట్లు పోయాయి.

తెచ్చాక ఎక్కడ పెట్టాలి? హీటరు పక్కన మాత్రం వద్దు. వేడికి చార్జ్ త్వరగా దిగుతుంది. నెలకోసారి చార్జ్ పెట్టగలిగితే చల్లటి, పొడి గది ఏదైనా మంచిదే. సిమెంటు నేల మీద పెడితే దిగిపోతుందన్న మాట గట్టి రబ్బరు పెట్టెల్లో బ్యాటరీలు వచ్చిన కాలం నాటిది. ఇప్పటి ప్లాస్టిక్ పెట్టెకి నేల ఏదైనా ఒకటే. నీళ్లు పోసే రకాన్ని నిటారుగా ఉంచాలి, గాలి ఆడే చోటే చార్జ్ పెట్టాలి. చార్జ్ అయ్యేటప్పుడు హైడ్రోజన్ వస్తుంది, నిప్పుకి దూరంగా ఉండాలి. బ్యాటరీని తిరిగి బిగించాక, ఆ వాయువు బయటికి పోయే గొట్టం మడత పడకుండా చూసుకోవాలి.

ఈ పద్ధతి లోపం ఒక్కటే, మనిషి మతిమరుపు. జనవరిలో చార్జ్ పెట్టాలనుకున్నది మార్చిలో గుర్తొస్తుంది. ఫోన్‌లో నెలనెలా మోగేలా పెట్టుకోగలిగినవాళ్లకి ఇది ఏ ఖరీదైన చార్జర్‌కీ తీసిపోదు.

చార్జర్ తగిలించి వదిలేయడం

బండి పక్కన ప్లగ్గు ఉంటే నా ఓటు దీనికే. కానీ చార్జర్లన్నీ ఒకటి కావు, ఇక్కడే చాలా బ్యాటరీలు పాడవుతాయి. కారు చార్జర్ 6, 8 ఆంపియర్లు ఇస్తుంది. బైక్ బ్యాటరీకి దాని కెపాసిటీలో పదో వంతు, అంటే 9 ఆంపియర్ అవర్ల దానికి ఒక ఆంపియర్ లోపు, మంచి లెక్క. పాతకాలపు ట్రికిల్ చార్జర్ తక్కువ కరెంటే ఇస్తుంది గానీ ఎప్పుడు ఆపాలో దానికి తెలియదు. బ్యాటరీ నిండినా పోస్తూనే ఉంటుంది, లోపలి నీరు వాయువులుగా విడిపోయి తగ్గి ప్లేట్లు బయటపడతాయి. రాత్రికి పెట్టి పొద్దున్నే తీసేవాళ్లకి సరే, నెలల తరబడి వదిలేయడానికి కాదు.

కావలసింది మెయింటైనర్, లేదా ఫ్లోట్ చార్జర్ అనే రకం. ముందు 14.4 వోల్టుల దాకా తీసుకెళ్లి నింపుతుంది, నిండాక 13.2 నుంచి 13.6 మధ్యకి దించి అక్కడే పట్టి ఉంచుతుంది. ఎంత దిగితే అంతే ఎక్కిస్తుంది. అలారం, ట్రాకర్ తాగేది కూడా అదే భర్తీ చేస్తుంది, అందుకే ఆధునిక బండికి ఇది బాగా నప్పుతుంది. ఫ్యూజ్ ఉన్న చిన్న వైరు టెర్మినళ్లకి ఒకసారి బిగించుకుంటే, తరవాత సీటు తీయకుండానే ప్లగ్గు కలిపినట్టు కలపొచ్చు.

కొనేటప్పుడు టెంపరేచర్ కాంపెన్సేషన్ ఉందో లేదో చూడండి. చలిలో బ్యాటరీకి వోల్టేజి కాస్త ఎక్కువ కావాలి, ఒక్కో డిగ్రీకి సుమారు 0.02 వోల్టు. మైనస్ 10లో ఉన్న షెడ్డులో, 25 డిగ్రీలకి లెక్క కట్టిన చార్జర్ దాదాపు 0.7 వోల్టు తక్కువ ఇస్తుందన్నమాట. పచ్చలైటు వెలుగుతూనే ఉంటుంది, బ్యాటరీ మాత్రం నిండదు. సెన్సర్ చార్జర్‌లోనే ఉండే రకమైతే, చార్జర్‌ని వెచ్చటి గదిలో పెట్టి వైరు మాత్రం బయటి బండికి లాగకూడదు. రెండూ ఒకే చలిలో ఉండాలి. కరెంటు పోయి వచ్చాక కొన్ని చార్జర్లు మళ్లీ బటన్ నొక్కేదాకా మొదలవ్వవు. అందుకని తగిలించాక కూడా రెండు వారాలకోసారి మీటర్ పెట్టి చూడటం నేను మానను.

సోలార్ ప్యానెల్ ప్లగ్గు లేని చోట చివరి ఆశ. 5 వాట్ల ప్యానెల్ నిండు ఎండలో ఇచ్చేది 0.3 ఆంపియర్. చలికాలపు రోజులు పొట్టివి, ఎండ ఏటవాలుగా పడుతుంది, మబ్బు పడితే రాబడి పదో వంతుకి పడిపోవచ్చు. అయినా రోజుకి 0.12 ఆంపియర్ అవర్లు తాగే అలారంకి సరితూగొచ్చు. బండి ఆరుబయటే ఉండి, ప్యానెల్ కవర్ మీద నిలిచి, మధ్యలో బ్యాటరీకి వెళ్లే కరెంటుని అదుపుచేసే చార్జ్ కంట్రోలర్ ఉంటేనే. దిగిపోయిన బ్యాటరీని నింపడం దానివల్ల కాదు.

లిథియం బ్యాటరీ ఉన్నవాళ్లకి పైవన్నీ మారిపోతాయి. అది తనంతట తాను దిగేది చాలా తక్కువ. నిండాక మైనస్ విప్పేస్తే చాలు. సున్నా డిగ్రీల కిందున్నప్పుడు చార్జ్ పెడితే లోపల లిథియం లోహంగా పేరుకుని సెల్ శాశ్వతంగా దెబ్బతింటుంది, కాబట్టి ఇంట్లోకి తెచ్చే చార్జ్ చేయాలి. సల్ఫేట్ కరిగించే పల్స్ మోడ్ ఉన్న లెడ్ యాసిడ్ చార్జర్ దానికి పెట్టకూడదు. చలి ఉదయం సెల్ఫ్ వీక్‌గా ఉంటే హెడ్‌లైటు ఒక నిమిషం వేసి ఉంచి మళ్లీ నొక్కండి. ఆ కరెంటుకి లోపల కాస్త వేడెక్కి తేరుకుంటుంది.

ఇప్పటికే దిగిపోయి చలిలో పడి ఉన్న లెడ్ యాసిడ్ బ్యాటరీ మీ దగ్గరుంటే, ఆత్రపడి చార్జర్ తగిలించకండి. గడ్డకట్టినదానికి చార్జ్ పెడితే పగిలే ప్రమాదముంది. లోపలికి తెచ్చి ఒక రోజంతా వదిలేసి, పక్కలు ఉబ్బాయా, మూలలు చెమ్మగా ఉన్నాయా అని చూడండి. ఏ కొంచెం పగులున్నా అది పాత బ్యాటరీలు తీసుకునే చోటికి వెళ్లాల్సిందే. బాగుంటే తక్కువ కరెంటుతో నిండా చార్జ్ పెట్టి, తీసి, పన్నెండు గంటలు ఆగి మీటర్ పెట్టండి. 12.7 నిలబడితే బండికి బిగించి, సెల్ఫ్ నొక్కుతూ మళ్లీ చూడండి. ఇంజిన్ తిరుగుతుండగా 10 వోల్టుల దిగువకి పడకపోతే దానికి ఇంకో చలికాలం ఉంది. రాత్రికి రాత్రే 12.4కి జారిపోతే కొత్తది కొనుక్కోవడమే మేలు.