బకెట్టెడు తూటా డొల్లలు: లెక్కపెడితే మేలా, తూస్తే మేలా?

మా తమ్ముడి కొడుకు టెక్సాస్‌లో ఉంటాడు. సెలవు రోజు షూటింగ్ రేంజికి పోయి పిస్తోలు కాల్చడం వాడి సరదా. కాల్చినాక కింద పడిన ఇత్తడి డొల్లలు ఏరుకొచ్చి, కడిగి, కొత్త ప్రైమర్ (అడుగున ఉండి, కొట్టగానే నిప్పు పుట్టించే చిన్న మూత), మందు, గుండు పెట్టి మళ్లీ వాడుకుంటాడు. ఆ దేశంలో సొంతానికి అట్లా చేసుకునేవాళ్లు శానామంది. పోయిన నెల వీడియో కాల్‌లో ఒక బకెట్టు చూపించి, "పెదనాయనా, ఇందులో ఎన్నున్నాయో కూర్చుని లెక్కపెట్టకుండా తెలిసేదెట్ట? నువ్వు స్క్రూలు తూకంలోనే గదా ఇస్తావు" అన్నాడు.

నేను తుపాకి ముట్టినోణ్ణి కాదు. తిరుపతిలో ఇనుప సామాన్ల అంగడి నాది. అయినా ఒకే తీరు చిన్న వస్తువులు గుట్టగా పోసి ఎన్నని అడిగితే, అది డొల్లయినా, నట్టయినా, రూపాయి బిళ్లయినా దారి ఒకటే. (ఇక్కడ ఎవరికైనా ఆశ పుడుతుందేమో, ముందే చెబుతున్నా: మన 1959 ఆయుధాల చట్టంలో తూటా విడిభాగాలు, తూటాలు చేసే యంత్రాలు కూడా తూటాల కిందికే వస్తాయి. లైసెన్సు లేకుండా వేలు పెట్టే పని కాదు.)

చేతిలెక్క సంగతి ముందు. మా తాత వడ్లు కొలిచేటప్పుడు "ఒకటి" అనేవాడు కాదు, "లాభం" అనేవాడు. ఆ తర్వాతే రెండు, మూడు. చేతిలెక్కంత నమ్మకమైంది ఇంకోటి లేదు, ఒప్పుకుంటా. కానీ సెకనుకు ఒకటి వేసినా 5000 డొల్లలకు గంటా ఇరవై మూడు నిమిషాలు. మధ్యలో ఎవరైనా పలకరిస్తే మళ్లీ లాభం దగ్గరికే. వంద, రెండు వందలకయితే చేయి చాలు. పైగా చేత్తో పట్టుకుంటేనే మూతి చీలిందీ లేనిదీ కంటికి ఆనుతుంది.

డబ్బా కొలత రెండోది. ఒక డబ్బాలో ఎన్ని పడతాయో ఒక్కసారి లెక్కపెట్టుకుని, తర్వాత డబ్బాలు మాత్రమే కొలుచుకోవడం. పడితో బియ్యం కొలిచినట్టు. బియ్యానికి సరే, డొల్లలకు కుదరదు. వదులుగా పోస్తే ఒక లెక్క, కుదిపి పోస్తే ఇంకో లెక్క. అన్నిటికంటే తమాషా (9 ఎంఎం, .40, .45 అనేవి తూటా సైజుల పేర్లు), 9 ఎంఎం డొల్ల పోయి .40 డొల్ల కడుపులో దూరుతుంది, అది పోయి .45 లో దూరుతుంది. గిన్నెల సెట్టు మాదిరి. డబ్బాకు పైన కనబడేది ఒకటే, లోపల మూడు. డబ్బా కొలతకు ఒక్క సుగుణం మాత్రం ఉంది, తడిని పట్టించుకోదు. తూకం అట్లా కాదు, ఆ మాట కాసేపట్లో.

నా ఓటు తూకానికే. కానీ "కిలోకి ఇన్ని" అని ఎవరో చెప్పిన అంకె పట్టుకుని తూసేవాళ్లను చూస్తే నాకు నవ్వొస్తుంది. మన రూపాయి బిళ్లనే తీసుకోండి. 1992లో వచ్చిన స్టీలు రూపాయి 4.85 గ్రాములు. 2011 నాటిది 3.79. 2019 నాటిది 3.09. పది కిలోల పసిబిడ్డకు రూపాయి బిళ్లలతో తులాభారం తూగాలంటే 2011 బిళ్లలయితే 2639 చాలు, 2019 బిళ్లలయితే 3237 కావాలి. బిడ్డ అదే, తక్కెడ అదే, మొక్కు మాత్రం ఆరొందలు పెరిగింది. మనకు అన్నీ రూపాయి బిళ్లలే. కాటాకు అవి మూడు వేరే వస్తువులు.

డొల్లలదీ అదే కథ. 9 ఎంఎం డొల్ల ఒకటి సుమారు 3.7 నుంచి 4 గ్రాములు, మన 2011 రూపాయి బిళ్ల ఎంతో అంత. .223 రైఫిల్ డొల్ల ఆరు గ్రాముల చుట్టుపక్కల, 2011 ఐదు రూపాయల బిళ్ల మాదిరి. .308 దగ్గర అసలు తేడా బయటపడుతుంది. కొన్ని కంపెనీలవి 156 గ్రెయిన్లకే (తూటాల బరువుకు వాళ్లు వాడే చిన్న కొలత) ఆగుతాయి, మిలిటరీ డొల్లలు 180 గ్రెయిన్ల దాకా పోతాయి. వాడు ఈ గ్రెయిన్ల లెక్క చెబుతుంటే నాకు చటుక్కున వెలిగింది: 180 గ్రెయిన్లంటే మన పాత తులం! 11.66 గ్రాములు. బంగారానికి మన పెద్దవాళ్లు వాడిన తులమే అమెరికాలో మిలిటరీ డొల్లగా పడుంది. సరే, తేలికవి కిలోకు 99 తూగితే, తులం బరువువి 86 కూడా రావు. రెండూ కలిసిన బకెట్టుకు ఒకే అంకె వేస్తే ఏం నిలుస్తుంది?

అందుకే వాడికి చెప్పినా: "అబ్బయ్యా, కాటా తర్వాత, ముందు ఏరుడు." అడుగున కొట్టిన కంపెనీ ముద్రను బట్టి వేరు చేసుకుంటే సగం పని అయినట్టే. అయస్కాంతం ఒకసారి తిప్పితే ఇత్తడి రంగు పూసుకున్న స్టీలు డొల్లలు అతుక్కుంటాయి. .22 డొల్లలు పక్కన పడేయాలి, ప్రైమర్ మందు అంచులోనే ఉండే రకం, మళ్లీ నింపడానికి పనికిరావు. చిన్నవి గనుక జారిజారి అడుక్కి చేరుతాయి. అందుకే నమూనా పైనుంచి మాత్రమే తీయకుండా, కలియబెట్టి తీయాలి.

ప్రైమర్ సంగతి మాత్రం మా వాడు అసలు అనుకోలేదు. కాలిన ప్రైమర్ డొల్లలో ఉంటే 0.2 గ్రాము ఎక్కువ. ఇంతేనా అనిపిస్తుంది. 20 కిలోల 9 ఎంఎంకు లెక్క కట్టండి: ప్రైమర్‌తో ఒకటి 3.9 గ్రాములనుకుంటే 5128 డొల్లలు, తీసేసినవి 3.7 అనుకుంటే 5405. చిటికెడు రేకుముక్క దగ్గర 277 డొల్లల తేడా. తడి ఇంకా ఘోరం. 9 ఎంఎం డొల్ల నిండా నీళ్లు పడితే ముప్పాతిక గ్రాముకు పైనే పడతాయి, అంటే దాని బరువులో ఐదో వంతు. కడిగినవి బాగా ఎండక ముందు కాటా ఎక్కిస్తే లేని డొల్లలన్నీ లెక్కలోకొస్తాయి. మా రేకుల షెడ్డు మీద ఏప్రిల్ ఎండలో పరిస్తే గంటలో ఎండుతాయిరా అంటే నవ్వినాడు.

నమూనాకు ఎన్ని తీయాలనేది రెండో చిక్కు. చాలామంది పది తూసి పదితో భాగిస్తారు. వంటింటి కాటా ఒక గ్రాము వరకే చూపిస్తుంది, అంటే అర గ్రాము అటూ ఇటూ పోవచ్చు. పది డొల్లల 39 గ్రాముల మీద అర గ్రామంటే నూటికి ఒకటికి పైనే తప్పు. వంద డొల్లల 390 గ్రాముల మీద అదే అర గ్రాము వెయ్యికి ఒకటి. వంద లెక్కపెట్టేది రెండు నిమిషాల పని, దానికి కూడా బద్ధకమైతే ఎట్ట? బకెట్టు బరువు తీసేయడం ఎవరూ మర్చిపోరనుకుంటా, అయినా మర్చిపోతారు. మనుషులు ఎక్కి నిలబడే కాటా మీద బకెట్టుతో ఎక్కి తూసే పద్ధతి కూడా ఉంది. అక్కడ 200 గ్రాముల తేడా వస్తే యాభై డొల్లలు గల్లంతు. అంచనాకు చాలు, అమ్మకానికి చాలదు.

పీసుల లెక్క తానే చూపించే కాటాలు కూడా ఉన్నాయి, నా అంగట్లో ఒకటుంది. నమూనా పెట్టి ఎన్నో చెబితే మిగతా భాగహారం అది చేస్తుంది. రోజూ అమ్మేవాడికి మేలు. నెలకొకసారి బకెట్టు తూసేవాడికి ఫోన్లో క్యాలిక్యులేటర్ ఉండగా ఎందుకు? ఏరకుండా పోస్తే అది కూడా తప్పే చెబుతుంది, అంకె మాత్రం దర్జాగా చూపిస్తుంది.

కొనేటప్పుడయితే నా మాట వేరు. 9 ఎంఎం లాంటి చవక సరుకు వేలల్లో కొంటే తూకం లెక్క ఒప్పుకోవచ్చు, అమ్మేవాడు ఒక పిడికెడు కొసరు వేస్తే గొడవే లేదు. .308 లాంటి ఖరీదైనవి వందల్లో కొంటే చేతిలెక్కే అడగాలి. వాటిని ఎటూ ఒక్కొక్కటి చూసే నింపుతారు గదా. బరువు డొల్లకు లోపల చోటు తక్కువ, అదే మందు పోస్తే ఒత్తిడి పెరుగుతుందని మా వాడే చెప్పినాడు. అందుకే కంపెనీవారీగా ఏరిన శ్రమ అక్కడ రెండోసారి పనికొస్తుంది.

ఆదివారం రాత్రి ఫోన్ చేసినాడు. వంద డొల్లలు 391 గ్రాములు తూగినాయంట, దాన్ని బట్టి రెండు కిలోలకు 511 రావాల. నమ్మకం చాలక ఆ రెండు కిలోలు చేత్తో లెక్కపెట్టినాడు. 507 వచ్చినాయి. మిగిలిన నాలుగు ఏమైనాయిరా అంటే, అడుగున కాస్త ఇసుక, అయస్కాంతానికి అంటని రెండు .40 డొల్లలు దొరికినాయన్నాడు. రెంటి కడుపులోనూ ఒక్కో 9 ఎంఎం దాక్కునుందంట.