సెర్వావాక్, గార్డసిల్, గార్డసిల్ 9: మన పిల్లలకు ఏది మేలు?

పదకొండేళ్ల ఆడపిల్లను వెంటబెట్టుకుని పిల్లల డాక్టరు దగ్గరకు వెళ్లిన తల్లికి ఇప్పుడు మూడు టీకాల పేర్లు వినిపిస్తున్నాయి. మూడూ గర్భాశయ ముఖద్వార (గర్భసంచి మూతి) క్యాన్సర్‌కు కారణమయ్యే హ్యూమన్ పాపిల్లోమా వైరస్‌ను (హెచ్‌పీవీ) అడ్డుకునేవే. సెర్వావాక్ అయితే డోసు సుమారు రెండు వేలు, గార్డసిల్ దాదాపు దానికి రెట్టింపు, గార్డసిల్ 9 అయితే పది వేలకు పైమాటే. అమెరికాలో ఉన్న ఆడపడుచు ఫోను చేసి, "ఇక్కడ తొమ్మిది రకాలదే వేస్తారు వదినా, మీరూ అదే వేయించండి" అంటుంది. పక్కింటావిడ అసలు ఏదీ వద్దంటుంది. ఖరీదైనదే మంచిదేమోనన్న అనుమానం ఒకవైపు, చౌకది వేయిస్తే పిల్లకు తక్కువ చేసినట్టవుతుందన్న బాధ మరొకవైపు. ఆ ఊగిసలాటలోనే ఏళ్లు గడిచిపోతాయి. నా తీర్పు ముందే చెబుతాను: ఈ మూడింటిలో ఏది ఎంచుకున్నా జరిగే నష్టం కన్నా, ఎంచుకోకుండా గడిపిన ఏళ్ల వల్ల జరిగే నష్టమే ఎక్కువ.

ఎందుకో తెలియాలంటే ముందు వైరస్ సంగతి చూడాలి. హెచ్‌పీవీ కుటుంబంలో రెండు వందలకు పైగా రకాలున్నాయి. చేతివేళ్ల మీద, అరికాళ్లలో వచ్చే మామూలు పులిపిర్లు 1, 2, 4 వంటి రకాల వల్ల వస్తాయి. అవి క్యాన్సర్‌గా మారవు. ఈ టీకాలు వాటి కోసం తయారైనవీ కావు, కాబట్టి పిల్లల చేతి మీద పులిపిర్లు పోతాయని టీకా వేయించకండి. గర్భసంచిలో వచ్చే ఫైబ్రాయిడ్ గడ్డలకు ఈ వైరస్‌తో సంబంధమే లేదు.

టీకాకు సంబంధించినంత వరకు ముఖ్యమైనవి రెండు జట్లు. 6, 11 రకాలు మొదటి జట్టు. జననాంగాల దగ్గర వచ్చే పులిపిర్లలో దాదాపు 90 శాతం వీటివల్లే వస్తాయి. తల్లి నుంచి కాన్పు సమయంలో బిడ్డ గొంతులోకి చేరితే స్వరపేటికలో మొలకల్లాంటి కణితులు పెరుగుతాయి. అవి చాలా అరుదు, సాధారణంగా క్యాన్సర్ కూడా కావు. కానీ బిడ్డ గొంతు బొంగురుపోతుంది, ఊపిరి అందక ఇబ్బంది పడుతుంది, ఒకసారి తీసినా మళ్లీ పెరగడంతో ఆపరేషన్ మీద ఆపరేషన్ చేయాల్సి వస్తుంది. 'హానికరం కాని కణితి' అని వైద్యులు రాసినంత మాత్రాన ఆ ఇంటికి హాని జరగలేదని అనుకోకూడదు.

రెండో జట్టు 16, 18 రకాలు. ప్రపంచవ్యాప్తంగా గర్భాశయ ముఖద్వార క్యాన్సర్లలో సుమారు 70 శాతానికి ఈ రెండే కారణం. మలద్వారం, పురుషాంగం, గొంతు వెనుక భాగంలో వచ్చే కొన్ని క్యాన్సర్లలో కూడా 16వ రకం చెయ్యి ఉంది. జర్మన్ శాస్త్రవేత్త హరాల్డ్ జుర్ హౌసెన్ బృందం 1983లో 16వ రకాన్ని, మరుసటి ఏడాది 18వ రకాన్ని క్యాన్సర్ కణితుల్లో పట్టుకుంది. ఆ పనికి ఆయనకు 2008లో నోబెల్ బహుమతి వచ్చింది.

ఒకే కుటుంబంలోని వైరస్‌లలో ఒకటి పులిపిరితో ఆగిపోతే మరొకటి ప్రాణం ఎందుకు తీస్తుంది? మన కణాలు అదుపు తప్పి విభజన చెందకుండా పగ్గం పట్టుకునే ప్రోటీన్లు ఉంటాయి, వాటిలో పీ53, ఆర్‌బీ ముఖ్యమైనవి. 16, 18 రకాలు తయారుచేసే ఈ6, ఈ7 అనే ప్రోటీన్లు ఆ పగ్గాన్ని తెంచేస్తాయి. 6, 11 రకాల్లోనూ అవే పేర్లున్న ప్రోటీన్లు ఉన్నా, వాటికి అంత బలం లేదు. అందుకే అక్కడ కణాలు కొంత పెరిగి ఆగుతాయి. ఇక్కడ ఒక ధైర్యం కూడా చెప్పాలి. హెచ్‌పీవీ సోకినవారిలో ఎక్కువ మందికి ఏడాది, రెండేళ్లలో శరీరమే దాన్ని వదిలించుకుంటుంది. వదలకుండా తిష్ఠ వేసినప్పుడే ప్రమాదం, అదీ సాధారణంగా పదిహేను ఇరవై ఏళ్లు పడుతుంది.

ఇప్పుడు టీకాలను పక్కపక్కన పెట్టి చూద్దాం. సెర్వావాక్, గార్డసిల్ రెండూ నాలుగు రకాల మీద పనిచేస్తాయి: 6, 11, 16, 18. గార్డసిల్ 9 ఆ నాలుగింటికీ 31, 33, 45, 52, 58 రకాలను జోడిస్తుంది. అన్నింటిలో ఉండేది వైరస్ పైపొర లాంటి ప్రోటీన్ బుడగ మాత్రమే, లోపల వైరస్ జన్యుపదార్థం ఉండదు. కాబట్టి టీకా వల్ల జబ్బు వచ్చే అవకాశం లేదు. అలాగే ఇప్పటికే సోకిన వైరస్‌ను, పుట్టిన పులిపిరిని టీకా నయం చేయదు.

గార్డసిల్ 9 వైపు వాదన బలమైనదే. ఆ తొమ్మిది రకాలను కలిపితే ప్రపంచంలోని గర్భాశయ ముఖద్వార క్యాన్సర్లలో సుమారు 90 శాతం వాటి కిందకు వస్తాయి. 70 నుంచి 90కి పెరగడం చిన్న విషయం కాదు. అయితే మన దేశంలో ఈ తేడా అంత పెద్దది కాదు. ఇక్కడి కణితుల్లో 16, 18 రకాల వాటా 80 శాతానికి పైగా ఉంటుందని లెక్క. అంటే నాలుగు రకాల టీకాయే మన ఆడవాళ్ల విషయంలో ఎక్కువ భాగాన్ని కాపాడుతుంది. మిగిలే తేడా కోసం అయిదు రెట్లు పెట్టగల ఇల్లయితే పెట్టండి, తప్పు లేదు. అప్పు చేసి మాత్రం పెట్టకండి. వచ్చే ఏడాది బోనస్ వచ్చాక చూద్దామని వాయిదా అసలే వేయకండి.

గార్డసిల్, సెర్వావాక్ మధ్య తేడా రకాల్లో లేదు, అనుభవంలో ఉంది. గార్డసిల్‌కు 2006లో అమెరికాలో అనుమతి వచ్చింది. కోట్ల మందికి వేశారు, క్యాన్సర్లు తగ్గడాన్ని దేశాల లెక్కల్లోనే చూశారు. పుణెలోని సీరం ఇన్‌స్టిట్యూట్ తయారుచేసిన సెర్వావాక్‌కు మన ఔషధ నియంత్రణ సంస్థ 2022 జులైలో అనుమతి ఇచ్చింది, 2023 జనవరిలో విడుదలైంది. గార్డసిల్‌తో పోల్చి చేసిన పరీక్షల్లో అది పుట్టించిన ప్రతిరక్షకాలు (యాంటీబాడీలు) ఏమాత్రం తీసిపోలేదని తేలింది. క్యాన్సర్‌ను ఎంత ఆపిందో కళ్లారా చూడాలంటే మాత్రం ఇంకా ఏళ్లు గడవాలి. ఈ తేడాను దాచిపెట్టడం నాకు ఇష్టం లేదు. అయినా, పనిచేసే తీరు ఒకటే, ప్రతిరక్షకాల స్థాయి సాటిగా ఉంది, ఖరీదు సగం. నన్నడిగితే సామాన్య కుటుంబానికి సెర్వావాక్ నిశ్చింతగా వేయించుకోదగ్గ టీకా.

బ్రాండు కన్నా వయసు ఎంత ముఖ్యమో స్కాట్లాండ్‌ను చూస్తే తెలుస్తుంది. అక్కడ 2008లో బడి పిల్లలకు మొదలుపెట్టింది సెర్వారిక్స్. అది 16, 18 రకాలకు మాత్రమే పనిచేసే టీకా, అంటే ఈ మూడింటికన్నా తక్కువ రకాలది. 2024లో వెలువడిన అధ్యయనం ప్రకారం పన్నెండు, పదమూడేళ్లకే ఆ టీకా వేయించుకున్న అమ్మాయిల్లో ఒక్కరికీ గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ కనిపించలేదు. స్వీడన్‌లో నాలుగు రకాల గార్డసిల్ వేశారు. పదిహేడేళ్లలోపు వేయించుకున్నవారికి ఆ క్యాన్సర్ ముప్పు 88 శాతం తగ్గింది, పదిహేడు దాటాక వేయించుకున్నవారికి 53 శాతమే తగ్గింది. టీకా ఒకటే, తేడా వయసుది. సెర్వారిక్స్‌లో లోపం పులిపిర్ల విషయంలోనే. 6, 11 రకాలు అందులో లేవు కాబట్టి, 2012లో బ్రిటన్ నాలుగు రకాల టీకాకు మారింది. 2007లోనే నాలుగు రకాలతో మొదలుపెట్టిన ఆస్ట్రేలియాలో కొద్ది ఏళ్లకే టీకా వయసు అమ్మాయిల్లో జననాంగ పులిపిర్లు దాదాపు కనుమరుగయ్యాయి.

"ఇంత చిన్నపిల్లకు ఇలాంటి టీకానా? పెళ్లి కుదిరాక చూద్దాం" అనే పెద్దవాళ్ల మాట నాకు తెలుసు. ఈ వైరస్ ఎక్కువగా లైంగిక సంబంధం ద్వారా సోకేది కాబట్టే ఆ మాట. ఈ టీకా వైరస్ సోకకముందు పడితేనే పూర్తిగా పనిచేస్తుంది, చిన్న వయసులో శరీరం మరింత గట్టిగా స్పందిస్తుంది. పైగా తొమ్మిది నుంచి పద్నాలుగేళ్లలోపు అయితే ఆరు నెలల తేడాతో రెండు డోసులు చాలు. పదిహేను దాటితే మూడు డోసులు రాస్తారు. వాయిదా వేస్తే ఖర్చు కూడా పెరుగుతుందన్నమాట.

ఒక్క డోసు చాలదా అన్న ప్రశ్నకు సమాధానం మన ఖమ్మంలో మొదలైన గొడవ వల్ల అనుకోకుండా దొరికిందని చాలామందికి తెలియదు. 2009లో అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోని ఖమ్మం జిల్లాలో పదేళ్ల నుంచి పద్నాలుగేళ్ల బాలికలు సుమారు 14 వేల మందికి పాత్ అనే సంస్థ ప్రాజెక్టు కింద గార్డసిల్ వేశారు. వాళ్లలో చాలామంది భద్రాచలం వైపు గిరిజన హాస్టళ్ల పిల్లలు. కొందరు బాలికలు చనిపోవడంతో 2010 ఏప్రిల్‌లో ప్రభుత్వం దాన్ని ఆపేసింది. విచారణలో ఆ మరణాలకు టీకా కారణం కాదని తేలింది. కానీ అనుమతి పత్రాల్లో 2,763 వాటి మీద తల్లిదండ్రులకు బదులు హాస్టల్ వార్డెన్లు సంతకాలు పెట్టారని బయటపడింది. పార్లమెంటు స్థాయీ సంఘం 2013లో దీన్ని తీవ్రంగా తప్పుబట్టింది. ఆ తల్లిదండ్రుల కోపం న్యాయమైనది. టీకా మంచిదైనంత మాత్రాన అడగకుండా వేసే హక్కు ఎవరికీ రాదు. తెలుగు ఇళ్లలో ఈ టీకా మీద నేటికీ మిగిలిన అపనమ్మకంలో కొంత భాగం అక్కడే పుట్టింది.

ఆ నిలిపివేత ఆదేశం దేశంలో వేరే చోట్ల జరుగుతున్న మరో పరిశోధనను కూడా ఆపేసింది. రెండు డోసులా మూడు డోసులా అని పోల్చి చూడాలనుకున్న ఆ పరిశోధనలో దాదాపు అయిదు వేల మంది అమ్మాయిలు ఒక్క డోసుతోనే మిగిలిపోయారు. పరిశోధకులు వాళ్లను వదిలేయకుండా పదేళ్లు గమనించారు. ఆ ఒక్క డోసు కూడా 16, 18 రకాలు తిష్ఠ వేయకుండా 95 శాతం మేర ఆపిందని 2021లో ప్రకటించారు. 2022 డిసెంబరులో ప్రపంచ ఆరోగ్య సంస్థ తొమ్మిది నుంచి ఇరవై ఏళ్లవారికి ఒక్క డోసూ సరిపోతుందని చెప్పిన నిర్ణయం వెనుక ఈ అమ్మాయిల లెక్క కూడా ఉంది. అయితే ఆ ఆధారం గార్డసిల్‌ది. సెర్వావాక్ మొదలుపెడితే రెండు డోసులూ పూర్తి చేయించండి. హెచ్‌ఐవీ ఉన్నవారికి, రోగనిరోధక శక్తి బాగా తగ్గినవారికి ఏ టీకా అయినా మూడు డోసులు కావాలి. ప్రభుత్వ కార్యక్రమంలో మీ అమ్మాయికి ఏది ఉచితంగా అందినా కళ్లకద్దుకుని వేయించండి, ఇంకో బ్రాండు కోసం ఆగకండి.

దుష్ప్రభావాల గురించి ఎక్కువ చెప్పాల్సింది లేదు. చెయ్యి నొప్పి, కొంచెం జ్వరం, కొందరు పిల్లలకు కళ్లు తిరగడం. అందుకే వేశాక పావుగంట కూర్చోబెడతారు. పిల్లలు పుట్టరన్న పుకారుకు ఆధారం లేదు. మగపిల్లలకూ ఈ టీకా మేలు చేస్తుంది, సెర్వావాక్‌కు వాళ్ల విషయంలోనూ అనుమతి ఉంది. డబ్బు ఒక్కరికే సరిపోతుందంటే మాత్రం ముందు ఆడపిల్లకే.

ఇప్పుడు నాకు అన్నింటికన్నా ముఖ్యమైన మాట. గార్డసిల్ 9కి, సెర్వావాక్‌కు మధ్య రెండు డోసులకు కలిపి మిగిలే సుమారు పదహారు వేలలో చిన్న భాగంతో తల్లికి హెచ్‌పీవీ పరీక్ష చేయించవచ్చు. 2022 అంచనాల ప్రకారం ఆ ఏడాది మన దేశంలో సుమారు 1.27 లక్షల మందికి గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ వచ్చింది, దాదాపు 80 వేల మంది చనిపోయారు. టీకా వయసు దాటిపోయిన తల్లులే వాళ్లలో ఎక్కువ. అయినా 30 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో ఎప్పుడైనా ఒక్కసారి పరీక్ష చేయించుకున్నవారు రెండు శాతం కూడా లేరని జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే అయిదో విడత చెప్పింది.

పరీక్షల్లోనూ మూడున్నాయి. ప్రభుత్వ ఆరోగ్య కేంద్రాల్లో ఎసిటిక్ ఆమ్లం పూసి చూసే పరీక్ష ఖర్చు లేనిది, అప్పటికప్పుడు ఫలితం తెలుస్తుంది, కానీ చూసే కంటి నైపుణ్యం మీద ఆధారపడుతుంది. పాప్ స్మియర్‌లో కణాలను సూక్ష్మదర్శినిలో చూస్తారు. దాన్ని మూడేళ్లకోసారి చేయించుకోవాలి. హెచ్‌పీవీ డీఎన్‌ఏ పరీక్ష వైరస్‌నే పట్టుకుంటుంది. మహారాష్ట్రలోని అప్పటి ఉస్మానాబాద్ (ఇప్పటి ధారాశివ్) జిల్లాలో లక్షా ముప్పై వేలమందికి పైగా ఆడవాళ్లతో ఈ మూడింటినీ పోల్చారు. 2009లో వచ్చిన ఫలితాల్లో, ఒక్కసారి చేసిన హెచ్‌పీవీ పరీక్ష ఈ క్యాన్సర్ మరణాలను సుమారు సగానికి తగ్గించింది. మిగతా రెండూ అక్కడ చెప్పుకోదగ్గ తేడా చూపలేదు. దొరికితే హెచ్‌పీవీ పరీక్షే చేయించండి. దొరక్కపోతే ఆరోగ్య కేంద్రంలోని ఉచిత పరీక్షను మాత్రం వదులుకోకండి.

హెచ్‌పీవీ ఉందని ఫలితం వస్తే అది క్యాన్సర్ ఉన్నట్టు కాదు, గర్భసంచి తీయించుకోమని ఆదేశమూ కాదు. దేశంలో గర్భసంచి తీసివేతలు ఎక్కువగా జరిగే రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ముందున్నాయి. తెల్లబట్ట అవుతోందని వెళ్లిన ముప్పై అయిదేళ్ల మనిషిని 'ముందు ముందు క్యాన్సర్ కావచ్చు' అని భయపెట్టి పంపే చోట్లున్నాయి. వైరస్ ఉంటే తర్వాత చేయాల్సింది గర్భాశయ ముఖద్వారాన్ని పెద్దదిగా చూపే పరికరంతో పరిశీలించే కాల్పోస్కోపీ, అవసరమైతే చిన్న ముక్క తీసి బయాప్సీ. క్యాన్సర్ ముందు దశ మార్పులుంటే ఆ చోటు వరకే వేడితోనో చలితోనో మాడ్చేస్తారు, లేదా ఆ భాగాన్ని తీసేస్తారు. చాలామంది అదే రోజు ఇంటికి వచ్చేస్తారు. ఎవరైనా గర్భసంచి మొత్తం తీయాలంటే, బయాప్సీ నివేదిక ఏదని అడగండి, దాన్ని పట్టుకుని మరో డాక్టరుకు చూపించండి.