హీల్ వేస్తే మీద పడతారు: ప్రీస్ట్‌గా వార్‌క్రాఫ్ట్ క్లాసిక్

వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్ అనే ఆన్‌లైన్ ఆటలో నేను ప్రీస్ట్‌ని, అంటే హీల్ వేసి జట్టు హెల్త్ నింపే పాత్రని. అందులో జుల్‌ఫరాక్ మెట్ల మీద చచ్చినన్ని సార్లు నేను ఇంకే డంజన్‌లోనూ (జట్టుగా వెళ్లి శత్రువులతో పోరాడే చోట) చావలేదు. పిరమిడ్ పైన బోనుల్లో ఉన్న ఖైదీలను విడిపించగానే, కింద నుంచి ట్రోల్స్ గుంపులు గుంపులుగా మెట్లెక్కి వస్తాయి. మా వారియర్ ముందు నిలబడ్డాడు, శత్రువుల దెబ్బలు తన మీదకి తీసుకునే ట్యాంక్ వాడే. వాడి హెల్త్ కాస్త తగ్గిందని ఒక్క హీల్ వేశాను, అంతే. వస్తున్న ట్రోల్స్ అన్నీ వాణ్ని దాటుకుని నా మీదకే వచ్చాయి. నేను కంగారుపడి వెనక్కి పరిగెత్తాను. నా వెనక అవి, వాటి వెనక వారియర్. అర నిమిషంలో అయిదుగురం నేల మీద ఉన్నాం.

ఎందుకిలా అయిందో తెలుసుకున్నాకే నాకు ఈ ఆట నచ్చడం మొదలైంది. వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్ 2004లో వచ్చింది. దాని పాత రూపాన్ని 1.12 ప్యాచ్ నాటి లెక్కలతో 2019లో క్లాసిక్ పేరుతో మళ్లీ వదిలారు. ఇందులో ప్రతి శత్రువూ ఎవరి మీద ఎంత కోపం పెంచుకోవాలో విడివిడిగా ఖాతా రాసుకుంటుంది. ఆ కోపం పేరే థ్రెట్. ఒక పాయింట్ దెబ్బకి ఒక పాయింట్ థ్రెట్. ఒక పాయింట్ హీల్‌కి అర పాయింట్, అది కూడా ఫైట్‌లో ఉన్న మాబ్స్ (శత్రువులు) అన్నిటికీ పంచుతారు. వినడానికి చాలా తక్కువే. కానీ ఇంకా ఎవరూ ముట్టుకోని ట్రోల్ ఖాతాలో అందరి పేరు పక్కనా సున్నాయే ఉంటుంది కదా, అక్కడ నా చిన్న హీలే పెద్ద నేరం!

అందుకే ఇప్పుడు వారియర్ ప్రతిదాన్నీ కనీసం ఒక్కసారి కొట్టేదాకా చేతులు కట్టుకుని కూర్చుంటాను. వాడి హెల్త్ సగానికి దిగుతుంటే ఊరికే చూడటం ఎంత టెన్షనో హీలర్లకే తెలుసు.

ఫేడ్ అనే స్పెల్ ఉంది, నొక్కితే పది సెకన్లు మన థ్రెట్ తగ్గుతుంది. అది మాఫీ కాదు, వాయిదా. ఆ పది సెకన్లలో ట్యాంక్ వాటిని తన వైపు లాక్కోకపోతే పాత లెక్క తిరిగొస్తుంది. ఇక దెబ్బల్ని పీల్చుకునే షీల్డ్. మొదట్లో పుల్‌కి (శత్రువుల్ని మా మీదకి రప్పించి ఫైట్ మొదలుపెట్టడానికి) ముందే మా వాడికి షీల్డ్ వేసి, మంచి పని చేశాననుకునేదాన్ని. "అక్కా, ఆ బుడగ ఆపు, రేజ్ రావట్లేదు" అన్నాడు ఒకరోజు. వారియర్ స్పెల్స్‌కి ఇంధనం లాంటిది రేజ్. అది వాడు కొట్టినా వస్తుంది, దెబ్బ తిన్నా వస్తుంది, కానీ షీల్డ్ పీల్చుకున్న దెబ్బకి రాదు. రేజ్ ఉంటేనే సండర్ అనే థ్రెట్ పెంచే దెబ్బ వేయగలడు, సండర్ పడితేనే అగ్రో, అంటే శత్రువుల దృష్టి, వాడి మీద నిలుస్తుంది. వాణ్ని కాపాడబోయి వాడి చేతులు నేనే కట్టేశానన్నమాట.

డ్యామేజ్ వేసేవాళ్లకు కాస్త వెసులుబాటు ఉంది. ట్యాంక్ థ్రెట్ 1000 ఉంటే, దగ్గర నుంచి కొట్టేవాళ్లు 1100 దాటాలి, దూరం నుంచి కొట్టేవాళ్లు 1300 దాటాలి, అప్పుడే మాబ్ తిరుగుతుంది. మాకు తగిలిన ఒక మేజ్‌కి (దూరం నుంచి మంత్రాలు వేసేవాడికి) ఆ వెసులుబాటు రెండో పుల్‌కే అయిపోయేది. పైగా ఫ్రాస్ట్ నోవా అనే మంచు మంత్రం వేసి మాబ్స్‌ని నా కాళ్ల దగ్గరే కట్టేసేవాడు. కట్టేసిన మాబ్ చేతికందిన దగ్గరివాళ్లను కొడుతుంది. ఆ దగ్గరి మనిషిని నేనే.

లోపాలు లేవని కాదు. ఇంత లెక్క నడుస్తుంటే అది తెరమీద కనిపించదు. ఒమెన్ లాంటి యాడాన్ (ఆటకి విడిగా చేర్చుకునే చిన్న ప్రోగ్రామ్) పెట్టుకోవాల్సిందే. పాలడిన్ అనే ఇంకో పాత్రకి టాంట్ (శత్రువుని వెంటనే తన వైపు తిప్పుకునే నైపుణ్యం) కూడా ఇవ్వలేదు, కాబట్టి ట్యాంక్ అంటే ఎక్కువగా వారియరే. వారియర్ కోసం చాట్‌లో అడుక్కుంటూ గంట గడిపిన సాయంత్రాలు ఉన్నాయి. నలభై మంది కలిసి వెళ్లే రెయిడ్ జోలికి నేను పెద్దగా వెళ్లలేదు, దాని గురించి చెప్పను.

మధ్యలో కొన్నాళ్లు ఫైనల్ ఫాంటసీ 14 ఆడాను. అందులో డంజన్‌కి నలుగురు: ఒక ట్యాంక్, ఒక హీలర్, ఇద్దరు డ్యామేజ్. ఎవరి మీద ఎంత కోపముందో పార్టీ లిస్టులోనే కనిపిస్తుంది. ట్యాంక్ తన స్టాన్స్ (శత్రువుల కోపాన్ని తన మీదకి తెచ్చే మోడ్) ఆన్ చేసి కొడుతూ ఉంటే అగ్రో గొడవ దాదాపు తీరిపోతుంది. కొత్తగా హీలింగ్ నేర్చుకునేవాళ్లను నేను అటే పంపిస్తాను. నాకు మాత్రం రెండు వారాలకే చేతులు ఖాళీగా అనిపించాయి.

క్లాసిక్‌కి నా మార్కులు అయిదుకి నాలుగు. ఒక మార్కు ఆ కనిపించని మీటర్‌కి కోసేశాను. సొంత వారియర్ లేకపోతే ఇంకొకటి కోసుకోండి.

మొన్న మళ్లీ జుల్‌ఫరాక్ వెళ్లాం. మెట్ల మీద మూడు ట్రోల్స్ నా వైపు తిరిగాయి. ఈసారి పరిగెత్తలేదు. ఫేడ్ నొక్కి, వాటిని వెంటేసుకుని నేరుగా వారియర్ పక్కకి వెళ్లి నిలబడ్డాను. "వచ్చావా అక్కా" అన్నాడు, ఒకదానికి టాంట్ వేసి మిగతా రెండిటినీ కొట్టడం మొదలుపెడుతూ.